చిట్టీల లాటరీ పిల్లల ఫోన్‌లోకి వచ్చింది

సంపాదకుడు గారికి,

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి నిషేధించినప్పుడు, పోనీలే, ఇళ్లు నిలబడతాయి అనుకున్నాను. మొన్న సెలవుల్లో మా అక్క కొడుకు, పన్నెండేళ్లవాడు, పది రోజుల్లో 4,200 రూపాయలు ఖర్చుపెట్టాడు. రమ్మీలో కాదు, ఉచితంగా దొరికే ఒక ఫోన్ గేమ్‌లో. తుపాకీకి వేసే రంగు డిజైన్ కోసం, స్కిన్ అంటారు, క్రేట్లు, అంటే లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి కొనే పెట్టెలు, తెరుస్తూ పోయాడు. అక్క యూపీఐ పిన్ వాడికి తెలుసు, పాల ప్యాకెట్లకూ రీఛార్జ్‌కూ వాడే కొడతాడు. ఎందుకురా అంటే "ఇంకొక్కటి తీస్తే వచ్చేస్తుందనుకున్నా మామయ్యా" అని ఏడ్చాడు.

నేను గేమ్‌లకు వ్యతిరేకిని కాను, కాలేజీ రోజుల నుంచీ ఆడుతున్నాను. డబ్బు తీసుకుని అదనంగా ఇచ్చేదంతా మోసమనీ అనను. 2016లో విచర్ 3 గేమ్‌కు వచ్చిన బ్లడ్ అండ్ వైన్ అనే అదనపు భాగంలో కొత్త ప్రాంతం, కొత్త కథ ఉన్నాయి, ఇష్టంగానే కొన్నాను. 2006లో ఆబ్లివియన్ గేమ్‌లో గుర్రం కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మితే గేమర్లు తిట్టిపోశారు గానీ, కనీసం డబ్బిచ్చినవాడికి ఆ కవచం దొరికింది కదా.

క్రేట్ అలా కాదు. మా చిన్నప్పుడు బడి ఎదురు కొట్లో చిట్టీలు అంటించిన అట్ట వేలాడేది, పావలా ఇచ్చి ఒకటి చించితే నంబరు, నంబరుకు బొమ్మ, చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. అయినా అట్ట మీద ఇంకెన్ని చిట్టీలు మిగిలాయో, పెద్ద బొమ్మ పోయిందో లేదో కళ్లకు కనిపించేది, జేబులో పావలాలు అయిపోతే ఇంటికి వచ్చేవాళ్లం. ఫోన్‌లో అట్టకు అంతు లేదు, జేబు అమ్మది. పైగా ధర రూపాయల్లో చెప్పరు, ముందు ఆ గేమ్‌లో మాత్రమే చెల్లే డైమండ్లో కాయిన్లో కొనాలి, ఆ ప్యాక్‌లు కావలసిన వస్తువు ధరకు ఎప్పుడూ సరిపోవు, మిగిలిన కొన్ని వృథా కాకూడదని మళ్లీ టాప్ అప్ చేయిస్తాడు పిల్లవాడు.

బయట దేశాలు దీన్ని ఎప్పుడో పట్టించుకున్నాయి. ఏది వచ్చే అవకాశం ఎంతో బయటపెట్టాలని చైనా 2017లోనే నియమం తెచ్చింది. 2018లో బెల్జియం గేమింగ్ కమిషన్ ఫిఫా 18 లాంటి గేమ్‌లలోని ఇలాంటి పెట్టెలను జూదమేనంది. 2025 జనవరిలో అమెరికాలో గెన్షిన్ ఇంపాక్ట్ కంపెనీ 2 కోట్ల డాలర్లు కట్టడానికీ, తల్లిదండ్రుల అనుమతి లేకుండా 16 ఏళ్లలోపు వాళ్లకు ఆ పెట్టెలు అమ్మబోమనడానికీ ఒప్పుకుంది.

మన చట్టం గురి మాత్రం డబ్బు గెలిచే ఆశ చూపే ఆటల మీదే ఉంది, క్రేట్ల మాట అందులో విడిగా లేదు. తిరిగి వచ్చేది డబ్బు కాదు బొమ్మే కదా అంటారేమో, కానీ పోయేది డబ్బే కదండీ! ఆ చట్టం కింద ఏర్పడే అథారిటీ క్రేట్లను పిల్లలకు అమ్మకుండా ఆపాలి, పెద్దలకైనా ధర రూపాయల్లో, వచ్చే అవకాశం శాతంలో కొనే బటన్ పక్కనే చూపించమనాలి. పిల్లల్ని మీరే చూసుకోవాలి అని మాకు చెప్పేవాళ్లున్నారు, చూసుకుంటాం, అక్క పిన్ మార్చేసింది కూడా. డబ్బు వాపసు కోసం కంపెనీకి పెట్టుకున్న అర్జీకి మాత్రం ఇంతవరకు జవాబు లేదు.

ఒక పాఠకుడు, ఖమ్మం