ఎఫ్‌సీ కాగితం మీద బ్రేకు అంకెలు వేయించండి: కేంద్ర రవాణా మంత్రిగారికి బహిరంగ లేఖ

కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రిగారికి నమస్కారం.

శంకర్ దర్శకత్వంలో కమల్‌హాసన్ తండ్రీకొడుకులుగా నటించిన తమిళ సినిమా ‘ఇండియన్’ 1996 మేలో విడుదలైంది. తెలుగువాళ్లం దాన్ని ‘భారతీయుడు’గా చూశాం. మర్మకళ తెలిసిన ముసలి స్వాతంత్ర్య యోధుడు సేనాపతి, లంచగొండి అధికారులను ఒక్కొక్కరినే చంపుతూ పోతాడు. చివరికి ఆ కత్తి కన్నకొడుకు చంద్రు మీదికే వస్తుంది. చంద్రు ఆర్టీఓ ఆఫీసులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్. డబ్బు తీసుకుని బ్రేకులు సరిగా లేని బస్సుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) ఇస్తాడు. ఆ బస్సులో బడిపిల్లలు చనిపోతారు. నెపం డ్రైవరు తాగుడు మీదికి నెట్టడానికి మళ్లీ లంచాలు పంచుతాడు.

బస్సులు, లారీల ఎయిర్ బ్రేకులు విప్పి బిగించడం మా పని. ఆ సినిమాకు జనం ఎందుకు చప్పట్లు కొట్టారో మాకు బాగా తెలుసు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఇన్‌స్పెక్టర్ చచ్చిపోయినంత మాత్రాన ఆ బస్సు బ్రేకు లైనర్ (డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీ) మందం ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. మర్నాడు అదే కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, అదే ముద్ర వేస్తారు. బ్రేకు బాగుందో లేదో ఒక్క మనిషి కన్నూ సంతకమూ తేల్చినంత కాలం లంచానికి అక్కడ చోటుంటుంది. ఆ చోటు మూసే అధికారం సేనాపతికి లేదు, మీకుంది. అందుకే ఈ లేఖ.

బస్సు బ్రేకు ఉన్నట్టుండి ఫెయిలవడం చాలా అరుదు. పెడల్ తొక్కితే ట్యాంకులోని గాలి చక్రం దగ్గరి ఛాంబర్ అనే డబ్బాలోకి వెళ్లి పుష్‌రాడ్ అనే కడ్డీని తోస్తుంది. అది స్లాక్ అడ్జస్టర్ అనే, బ్రేకు వదులు సర్దే మీటను తిప్పితే, ఎస్ ఆకారపు క్యామ్ లైనర్లను డ్రమ్ముకు నొక్కుతుంది. లైనర్ అరిగేకొద్దీ పుష్‌రాడ్ ఇంకా ఎక్కువ దూరం కదలాలి. 30 రకం అనే సైజు మామూలు ఛాంబర్‌లో ఆ కదలిక 51 మి.మీ. దాటితే వెంటనే సర్దాలి, ఎందుకంటే మొత్తం ఉన్నదే 64 మి.మీ. ఆ చివరి కొసలో తోపు బలం బాగా పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడికి డ్రమ్ము వ్యాకోచిస్తుంది, పుష్‌రాడ్ ఇంకాస్త ముందుకు పోవాల్సి వస్తుంది, ఆ మిగిలిన కాస్తా అయిపోతుంది. పెడల్ ఉంటుంది, గాలీ ఉంటుంది, బ్రేకు మాత్రం ఉండదు. కంగారులో డ్రైవరు మళ్లీ మళ్లీ పెడల్ కొడితే ఉన్న గాలి కూడా ఖర్చయిపోతుంది.

ఈ లోపం వారాల ముందే కనిపిస్తుంది. చూడటానికి పెద్ద యంత్రాలు కూడా అక్కర్లేదు. చక్రాలకు అడ్డు పెట్టి, గాలి పూర్తిగా నింపి, ఇంజిన్ ఆపాలి. పార్కింగ్ బ్రేకు వదిలి పుష్‌రాడ్ మీద సుద్దతో గీత గీసి, ఒకరు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే ఇంకొకరు కింద దూరి కొలవాలి. ఇదే ప్రతి చక్రానికీ. తొక్కి పట్టిన ఆ నిమిషంలో గేజ్ ముల్లు పావు బార్ (బార్ అంటే గాలి పీడనం కొలత) కంటే ఎక్కువ పడిపోతే ఎక్కడో గాలి కారుతున్నట్టే. హబ్ సీలు దెబ్బతిని గ్రీజు లైనర్ మీదికి వచ్చిందా, లైనర్ రివెట్ల దాకా అరిగిందా, ట్యాంకు అడుగు కాక్ తిప్పితే నీళ్లూ ఆయిలూ ఎంత వస్తున్నాయి అన్నది చూడాలి. ఎంత తొందరగా చేసినా ఒక్కో బస్సుకు ఇరవై నిమిషాలకు తగ్గదు.

అంటే ఎనిమిది గంటలు ఆపకుండా చేస్తే ఒక ఇన్‌స్పెక్టర్ రోజుకు 24 బస్సులు చూడగలడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బడి బస్సుల ఎఫ్‌సీ ఏటా మే 15తో ముగుస్తుంది, జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. తమిళనాడులోనూ బడి బస్సుల తనిఖీలు వేసవి సెలవుల్లోనే. ఆ కొద్ది వారాల్లో బస్సులన్నీ ఒకేసారి మైదానంలో వరస కడతాయి. నిజాయతీపరుడైన ఇన్‌స్పెక్టర్‌కు కూడా కింద దూరే తీరిక దొరకదు. డబ్బు తీసుకునేవాడికి ఆ రద్దీయే సాకు. కాబట్టి మొదటి విన్నపం ఇది: కంటితో చూసి ఎఫ్‌సీ ఇచ్చే చోట ఒక లాగిన్ నుంచి రోజుకు 24కు మించి వెళ్లకుండా సాఫ్ట్‌వేర్‌లోనే అడ్డుకట్ట వేయండి. బడి బస్సుల గడువు తేదీలను ఫిబ్రవరి నుంచి మే దాకా జిల్లాలవారీగా విడదీయమని రాష్ట్రాలకు చెప్పండి.

2021లో మీ శాఖ తెచ్చిన ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల నియమాలు మంచివి. పరీక్ష చేసేచోట రిపేరు, స్పేర్‌పార్టుల అమ్మకం ఉండకూడదన్న షరతు ఇంకా మంచిది. రోలర్ల మీద చక్రం ఎక్కించి బ్రేకు బలం కొలిస్తే ఎవరి మొహమాటమూ పనిచేయదు. అయితే ఖాళీ బస్సును కొలిస్తే ఆ అంకె మోసం చేస్తుంది. ఉదాహరణకు ఖాళీ బస్సు బరువు 9,000 కిలోలు, అన్ని చక్రాల బ్రేకు బలం కలిపి 4,500 కిలోలు అనుకుందాం. బరువులో బ్రేకు బలం ఎంత శాతమో అదే సామర్థ్యం. ఇక్కడ అది 50 శాతం, పాస్. అరిగిన బ్రేకు అంతకు మించి ఇవ్వలేకపోతే, జనం ఎక్కి బరువు 13,000 కిలోలైన రోజు అదే బ్రేకు 35 శాతానికి కూడా రాదు. పొడి రోడ్డు మీద గంటకు 60 కి.మీ. వేగంతో వస్తున్న బస్సు, 50 శాతంతో బ్రేకు పట్టాక సుమారు 28 మీటర్లలో ఆగితే, 35 శాతంతో 40 మీటర్లు దాటుతుంది. ఆ 12 మీటర్లలో ఒక రోడ్డు దాటే చోటు మొత్తం ఉంటుంది. ఇసుక బస్తాలతో బరువు వేసి కొలవాలి. కుదరకపోతే ఛాంబర్ దగ్గర గాలి పీడనాన్ని కూడా కొలిచి నిండు బరువుకు లెక్కగట్టే పద్ధతి ఉంది, దాన్ని తప్పనిసరి చేయండి.

మోసం ఇంకో దారిలోనూ వస్తుంది. పరీక్ష రోజు పొద్దున స్లాక్ అడ్జస్టర్లు బాగా బిగించి తెస్తారు. చక్రం పట్టీపట్టనట్టు తిరుగుతుంది, పరీక్ష గట్టెక్కుతుంది. సాయంత్రం డ్రమ్ములు కాలుతున్నాయని మళ్లీ వదులు చేస్తారు. టైర్లు, అగ్నిమాపక సిలిండరు అద్దెకు తెచ్చి మర్నాడు తిరిగిచ్చేస్తారు. నంబరు ప్లేటు మార్చి వేరే బండిని రోలర్ ఎక్కించే వీలూ ఉంది. వీటికి మందు ఒక్కటే, అంకెలు అందరికీ కనబడాలి. మీ శాఖ ఫోన్ యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబరు కొడితే ఇప్పుడు ఎఫ్‌సీ గడువు తేదీ కనిపిస్తుంది. దాని పక్కనే ఒక్కో చక్రం బ్రేకు బలం, ఎడమకుడి తేడా, కొలిచినప్పటి బరువు, సమయం, ఛాసిస్ నంబరూ రోలరూ ఒకే ఫ్రేములో పడిన ఫొటో ఉండాలి. పిల్లల్ని బస్సెక్కించే తల్లి ఆ అంకెలు చూసుకోగలగాలి. నిరుటి అంకెతో పోల్చి అడిగేవాడు ఒక్కడున్నా చాలు.

2012 జూలైలో చెన్నై శివారు తాంబరం దగ్గర రెండో తరగతి పాప బడి బస్సు నేలలోని రంధ్రంలోంచి జారి చక్రాల కింద పడి చనిపోయింది. మద్రాస్ హైకోర్టు తనంతట తానుగా విచారణకు తీసుకుంది, ఆ ఏడాదే తమిళనాడు బడి బస్సులకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. అక్కడ లంచం చేతులు మారిందని మేం అనడం లేదు. నేలలో మనిషి పట్టేంత రంధ్రం కంటికి కనబడే లోపం. కంటికి కనబడేదే దాటిపోతే, డ్రమ్ము లోపల దాగిన లైనర్ సంగతి ఆలోచించండి.

లంచం అడిగినప్పుడు ఏం చేయాలో బండి యజమానులకు తెలియదు. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం కింద లంచం ఇచ్చినవాడూ నేరస్తుడే. బలవంతం మీద ఇచ్చినవాడు మాత్రం ఏడు రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెబితే రక్షణ ఉంది. ఈ మాట, ఆ రాష్ట్ర ఏసీబీ ఫోన్ నంబరు ఎఫ్‌సీ రసీదు మీద స్థానిక భాషలో అచ్చు వేయించండి.

ఇక ప్రమాదం జరిగాక జరిగేది. సినిమాలో చంద్రు డ్రైవరు మీదికి నెట్టగలిగాడంటే, బస్సు బ్రేకు ఏం చెబుతుందో ఎవరూ కొలవలేదు కాబట్టే. బయట కూడా క్రేన్‌తో లాగడానికి ముందు రికవరీ వాళ్లు స్ప్రింగ్ బ్రేకు (గాలి పోతే స్ప్రింగుతో చక్రాన్ని పట్టేసే బ్రేకు) బోల్టు తిప్పి, స్లాక్ అడ్జస్టర్లు వదులు చేస్తారు, లేకపోతే చక్రం కదలదు. ఆ క్షణంలో సాక్ష్యం పోతుంది. పైగా తనిఖీ నివేదిక రాసేది ఎఫ్‌సీ ఇచ్చిన శాఖే. మరణం సంభవించిన ప్రతి బస్సు ప్రమాదంలో, బండి కదిపే ముందే ప్రతి చక్రం పుష్‌రాడ్ కదలిక కొలిచి వీడియో తీయాలని, డ్రమ్ములు, లైనర్లు సీలు వేసి భద్రపరచాలని, వాటిని ఎఫ్‌సీతో సంబంధం లేని ఇంజినీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో పరీక్షించాలని నియమం పెట్టండి. కొలవడానికి కావలసింది ఒక టేపు, సుద్దముక్క, బయటి నుంచి గాలి ఎక్కించే చిన్న కంప్రెసర్. హైవే పెట్రోలింగ్ బండ్లలో వాటిని ఈ వేసవిలోపే పెట్టించవచ్చు.

ఇట్లు,
బస్సులు, లారీల ఎయిర్ బ్రేకు పని చేసే మెకానిక్‌లు