దారికి అడ్డం నిలబడితే అంపైర్‌కు కనపడదా?

సంపాదకుడి గారికి,

స్కూల్, కాలేజీ పోటీల సీజన్ వచ్చిందంటే క్రికెట్ అంపైరింగ్ మీద రాసేవాళ్లకు కొదవుండదు. సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ గురించి రాసేవాళ్లే కరువు. ఈ రెండు ఆటల్లో మన హైదరాబాద్ మైదానాల్లో అంపైర్లు ఇవ్వడానికి జంకే నిర్ణయం ఒకటుంది: అబ్‌స్ట్రక్షన్. చేతిలో బంతి లేని ఫీల్డర్, ఒక బేస్ నుంచి మరో బేస్‌కు (వరసగా తాకుతూ పోవాల్సిన గుర్తులు) పరుగెత్తే రన్నర్ దారికి అడ్డం వస్తే ఇవ్వాల్సింది అది. ఇవ్వకుండా వదిలేయడం అలవాటైపోయింది. ఆ అలవాటు ఇప్పుడు పిల్లల కాళ్ల మీదికి వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

రూల్ చిన్నదే. బ్యాట్ నుంచి వచ్చిన బంతిని పట్టే ప్రయత్నంలో ఉన్న ఫీల్డర్‌కు రన్నరే దారి వదలాలి. వదలకుండా అడ్డుపడితే అది ఇంటర్‌ఫియరెన్స్, రన్నర్ ఔట్. ఆ పని మీద లేని, చేతిలో బంతి కూడా లేని ఫీల్డర్ వల్ల రన్నర్ ఆగినా, పక్కకు తిరిగి వెళ్లాల్సి వచ్చినా, తడబడినా తప్పు ఫీల్డర్‌ది. ఒళ్లు తగలనక్కర్లేదు. కావాలని చేయనక్కర్లేదు. ఈ రెండో మాటే మనవాళ్లకు మింగుడుపడదు.

కారణం క్రికెట్. 2015 జూన్‌లో మీర్పూర్‌లో బంగ్లాదేశ్‌తో వన్డేలో పరుగు తీస్తున్న ధోనీ దారిలోకి బౌలర్ ముస్తాఫిజుర్ వచ్చాడు, ధోనీ భుజంతో నెట్టుకుంటూ వెళ్లాడు. ధోనీకి మ్యాచ్ ఫీజులో 75 శాతం, ముస్తాఫిజుర్‌కు 50 శాతం జరిమానా పడింది. అప్పట్లో ఏ ఇరానీ హోటల్లో చూసినా ఒకటే వాదన: ఎవరు కావాలని చేశారు? క్రికెట్‌లో ఆ వాదనకు అర్థముంది. ఫీల్డర్ ఉద్దేశపూర్వకంగా బ్యాటర్‌ను అడ్డుకుంటేనే అయిదు పరుగుల పెనాల్టీ. బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ అంపైర్‌కు ఆ ప్రశ్నతో పనే లేదు. మనసులో ఏముందో ఆయన చూడడు, కాలు ఎక్కడుందో చూస్తాడు. క్రికెట్ తలకెక్కించుకుని సాఫ్ట్‌బాల్ అంపైరింగ్‌కు నిలబడితే వచ్చే చిక్కు ఇదే.

పెద్ద స్థాయిలో దీన్ని ఎలా ఇస్తారో తెలియాలంటే 2013 వరల్డ్ సిరీస్ (అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఫైనల్) మూడో మ్యాచ్ చూడాలి. అక్టోబర్ 26న సెయింట్ లూయిస్‌లో, ఆ ఊరి జట్టు కార్డినల్స్‌కూ బోస్టన్‌కూ మధ్య జరిగింది. తొమ్మిదో ఇన్నింగ్స్, స్కోరు 4–4. బోస్టన్ క్యాచర్ (హోమ్ ప్లేట్, అంటే రన్నర్ చేరితే పరుగు వచ్చే ఆఖరి బేస్, దగ్గరుండే ఫీల్డర్) మూడో బేస్‌కు విసిరిన త్రో పక్కకు పోయింది. దాని కోసం దూకిన మూడో బేస్ ఫీల్డర్ మిడిల్‌బ్రూక్స్ నేల మీద బోర్లా పడ్డాడు. కార్డినల్స్ రన్నర్ అలెన్ క్రెయిగ్ లేచి హోమ్ వైపు బయల్దేరబోయి అతని మీద తట్టుకుని పడ్డాడు. మళ్లీ లేచి పరుగెత్తాడు, కానీ బంతి ముందే వచ్చేసింది, ట్యాగ్ కూడా అయింది, అంటే బంతి పట్టుకున్న ఫీల్డర్ అతన్ని తాకాడు. అయినా ప్లేట్ అంపైర్ డానా డెముత్ సేఫ్ (నాటౌట్) అన్నాడు. మూడో బేస్ దగ్గరున్న జిమ్ జాయిస్ అప్పటికే అబ్‌స్ట్రక్షన్ చూపించేశాడు మరి. మ్యాచ్ కార్డినల్స్ 5–4 గెలుపుతో అక్కడే ముగిసింది. పడిపోయినవాడు ఎక్కడికి పోతాడండీ అని బోస్టన్ అభిమానులు లబోదిబోమన్నారు. పాపం నిజమే. కానీ బంతి దాటిపోయాక అతను బంతిని పట్టే పనిలో లేడు, దారిలో ఉన్నాడు. అంత పెద్ద మ్యాచ్‌లో, ఆఖరి క్షణంలో, సందేహించకుండా చేయి చూపించిన జాయిస్‌ది గుండెధైర్యం అంటాను నేను.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మొన్నటి సీజన్‌లో నగరంలోనే జరిగిన బాలికల సాఫ్ట్‌బాల్ మ్యాచ్. సున్నం గీతలు సగం చెరిగిపోయిన మట్టి మైదానం. మా స్కూల్ తొమ్మిదో తరగతి అమ్మాయి రెండో బేస్ నుంచి మూడో బేస్‌కు పరుగెత్తుతోంది. బంతి ఇంకా లెఫ్ట్ ఫీల్డర్ చేతికే రాలేదు. మూడో బేస్ దగ్గరి అమ్మాయి ఎడమ మోకాలు నేలకు ఆనించి, బేస్‌కు ముందు గోడ కట్టినట్టు కూర్చుంది. మా పిల్ల వేగం తగ్గించి, చుట్టూ తిరిగి, బేస్ వెనక మూలను చేత్తో అందుకోబోయింది. ఈలోగా త్రో వచ్చింది, ట్యాగ్ చేశారు, ఔట్. నేను వెళ్లి అడిగితే అంపైర్ గారు ఎంతో మర్యాదగా చెప్పిన జవాబు: “ఆ పాప కావాలని కూర్చోలేదు కదా మేడమ్, బంతి కోసం ఎదురుచూస్తోంది.”

సాఫ్ట్‌బాల్‌లో ఎదురుచూడటం సాకు కాదు. త్రో కోసం ఎదురుచూసే ఫీల్డర్ బేస్ పక్కన నిలబడి రన్నర్‌కు దారి వదలాలి, బంతి చేతికొచ్చాక అడ్డం రావచ్చు. బేస్‌బాల్‌లో కాస్త వెసులుబాటుంది. బంతి నేరుగా వస్తూ, బాగా దగ్గరికి వచ్చేసి, దాన్ని అందుకోవాలంటే అక్కడే నిలబడక తప్పని స్థితి ఉంటే, పట్టే పనిలో ఉన్నట్టు లెక్కించవచ్చు. అదీ అంపైర్ చూసి తేల్చాల్సిందే. బంతి లెఫ్ట్ ఫీల్డ్‌లో ఉండగా మోకాలు అడ్డం పెట్టడం ఏ ఆటలోనూ చెల్లదు.

అంపైర్ల కష్టం నాకు తెలియనిది కాదు. చాలా మ్యాచ్‌లకు ఇద్దరే ఉంటారు. ఇద్దరి కళ్లూ బంతి వెంటే పోతాయి. అడ్డం పడేది బంతి లేని చోట. పైగా ఈ నిర్ణయం ఇచ్చే తీరే ప్రేక్షకులకు అంతుపట్టదు. సాఫ్ట్‌బాల్‌లో అబ్‌స్ట్రక్షన్ చూసిన అంపైర్ వెంటనే ఆట ఆపడు. ఎడమ చేయి పక్కకు చాచి పిడికిలి బిగించి, ఆట సాగనిస్తాడు. అడ్డం పడకపోతే ఆ అమ్మాయి ఏ బేస్ దాకా చేరేదో మనసులో లెక్కేసుకుంటాడు. అంతకుముందే ఆమెను ఔట్ చేస్తే అప్పుడు డెడ్ బాల్ (ఆట ఆగింది) అని, ఆ బేస్ ఇచ్చేస్తాడు. బేస్‌బాల్‌లో అయితే ఫీల్డర్ అడ్డుపడిన ఆ రన్నర్‌నే ఔట్ చేసే ప్రయత్నం నడుస్తుంటే అక్కడికక్కడే ‘టైమ్’ అని ఆట ఆపి, కనీసం ఒక బేస్ ముందుకు పంపాలి. ఇదంతా తెలియని తల్లిదండ్రులు, అందరి కళ్ల ముందు ట్యాగ్ అయిన పిల్లను సేఫ్ అంటే ఊరుకుంటారా? ఆ గొడవ నెత్తికెత్తుకోవడం ఎందుకని చేయి కిందే ఉంచేస్తున్నారు. చేయి లేవకపోతే ఆ తర్వాత ఎవరు మొత్తుకున్నా ప్రయోజనం లేదు.

ఇది చూసి కోచ్‌లు ఏం నేర్చుకున్నారో చెప్పనా? మోకాలు వేయడం ప్రాక్టీస్‌లోనే నేర్పిస్తున్నారు. హోమ్ ప్లేట్ దగ్గర క్యాచర్ కాళ్లు బార్లా చాపి కూర్చుంటుంది, నేల మీద జారుతూ స్లైడ్ చేసే అమ్మాయి చీలమండ నేరుగా ఆ షిన్‌గార్డ్‌కు కొట్టుకుంటుంది. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో 2011లో శాన్ ఫ్రాన్సిస్కో క్యాచర్ బస్టర్ పోసీని ప్లేట్ దగ్గర రన్నర్ ఢీకొంటే కాలి ఎముక విరిగింది, మిగతా సీజన్ అంతా పోయింది. 2014లో అక్కడ ప్లేట్ దగ్గర ఢీకొట్టుకోవడాన్ని కట్టడి చేస్తూ కొత్త నిబంధన తెచ్చారు: బంతి లేని క్యాచర్ దారి మూయకూడదు, రన్నర్ దారి తప్పి వచ్చి క్యాచర్‌ను గుద్దకూడదు. కోట్ల జీతాలు తీసుకునేవాళ్ల ఎముకల కోసం అంత జాగ్రత్త పడ్డారు. మన పిల్లలు కాన్వాస్ బూట్లతో, స్లైడింగ్ ప్యాడ్లు లేకుండా గులకరాళ్ల మట్టిలో జారుతున్నారు. దెబ్బ తగిలితే ఆటో పిలిపించేది నాలాంటి పీఈటీలే. పైగా ఒక్క తప్పుడు ఔట్‌తో జట్టు ఇంటిదారి పడితే రాష్ట్రస్థాయి సర్టిఫికెట్ పోతుంది, దానితోపాటు స్పోర్ట్స్ కోటా సీటు ఆశ కూడా.

ప్రతిదానికీ అబ్‌స్ట్రక్షన్ ఇస్తే రన్నర్లు నాటకాలాడరా అని అడిగేవాళ్లున్నారు. ఆడతారు, కొందరు ఆడతారు. అందుకే అడ్డం పడ్డారా అన్నది ఒక ప్రశ్న, దానివల్ల రన్నర్ నష్టపోయిందా అన్నది మరో ప్రశ్న. తనంతట తాను వెళ్లి ఫీల్డర్‌కు తగులుకుంటే ఏమీ రాదు. బేస్ తొక్కకుండా పోయినా, ముందున్న రన్నర్‌ను దాటేసినా అబ్‌స్ట్రక్షన్ ఆమెను కాపాడదు. ఇవన్నీ రూల్‌బుక్‌లో ఉన్నవే.

నేను అడిగేవి ఖర్చుతో కూడినవి కావు. సీజన్ ముందు అంపైర్లకు ఒక పూట, పుస్తకం చదివించడం కాదు, మైదానంలో రన్నర్లను పరుగెత్తించి ఈ ఒక్క నిర్ణయం సాధన చేయించండి. మ్యాచ్‌కు ముందు ఇద్దరు కెప్టెన్లనూ పిలిచినప్పుడు, బంతి లేకుండా బేస్ మూస్తే ఇస్తాను అని తెలుగులోనో ఉర్దూలోనో ఒక మాట చెప్పమనండి. సగం మోకాళ్లు అక్కడే లేస్తాయి. సెమీఫైనల్స్ నుంచయినా మూడో అంపైర్‌ను పెట్టండి. మొదటి బేస్ దగ్గర డబుల్ బేస్ వేయండి. తెల్లది ఫీల్డర్‌కు, పక్కనే నారింజ రంగుది బ్యాటర్‌కు అయితే ఇద్దరి కాళ్లూ ఒకే బేస్ మీద పడవు. అంతర్జాతీయ సాఫ్ట్‌బాల్‌లో అది ఎప్పటినుంచో ఉంది.

తోటి పీఈటీలకు, కోచ్‌లకు కూడా ఒక మాట. అడ్డం పడిందా లేదా అన్నది అంపైర్ విచక్షణ, దాని మీద ప్రొటెస్ట్ (అధికారిక అభ్యంతరం) చెల్లదు. కానీ “కావాలని చేయలేదు కాబట్టి ఇవ్వను” అంటే అది విచక్షణ కాదు, రూల్‌నే తప్పుగా చదవడం. దాని మీద ప్రొటెస్ట్ చెల్లుతుంది. తర్వాతి బంతి వేయకముందే వెళ్లి చెప్పండి, స్కోర్‌షీట్‌లో రాయించండి.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయిని,
తార్నాక, హైదరాబాద్