సర్వే ప్రాక్టికల్స్‌లో ప్రోగ్రామ్ రాయించండి

ఎడిటర్ గారికి,

నేను మిర్యాలగూడ వైపు రోడ్డు పనుల్లో సర్వేయర్‌ని. సివిల్ డిప్లొమా చేసి మా సైట్లకు వచ్చే పిల్లల్ని చూశాక పాలిటెక్నిక్ వాళ్ల చెవిన ఒక మాట వేయాలనిపించింది. సర్వే ప్రాక్టికల్స్‌లో ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్ (లెక్క చేసే వరుసను ముందే రాసి దాచుకునేది) వాడటం నేర్పండి.

థియరీ పరీక్షలో దాన్ని రానివ్వకపోవడం సబబే. ఫార్ములాలన్నీ అందులో దాచుకుని కూర్చుంటే ఇక పరీక్ష ఎందుకు? ఇంజినీరింగ్ వాళ్లు రాసే గేట్ పరీక్షలోనైతే సొంత కాలిక్యులేటరే తేనివ్వరు, కంప్యూటర్ తెర మీద ఉన్నదాన్నే మౌస్‌తో నొక్కుకోవాలి. అది పరీక్షల గొడవ. నేను చెప్పేది ఎండలో నిలబడి చేసే పని గురించి.

ఇప్పటి పిల్లలకు కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్ మిషన్ బాగానే వచ్చు. రోడ్డు వంపు (కర్వ్) మీద మేకులు కొట్టాల్సిన పాయింట్లు కూడా ఆ మిషనే చూపిస్తుంది కాబట్టి లెక్క జోలికి పోరు. అంకె తప్పుగా కొడితే మాత్రం పట్టుకునేవాడుండడు. ఈమధ్య ఒక కర్వ్‌కి రేడియస్ 300 మీటర్లు, డిఫ్లెక్షన్ కోణం (రోడ్డు మొత్తం ఎంత తిరుగుతుందో అది) 40 డిగ్రీల 30 నిమిషాలు. రేడియస్‌ని సగం కోణం టాన్ విలువతో గుణిస్తే ట్యాంజెంట్ పొడవు (రెండు తిన్నని గీతలు కలిసే చోటి నుంచి కర్వ్ మొదలు దాకా దూరం) 110.68 మీటర్లు రావాలి. మా కుర్రాడికి 110.08 వచ్చింది. కోణం దగ్గర 40.30 అని కొట్టాడు. 30 నిమిషాలంటే అర డిగ్రీ కదా, 40.5 కొట్టాలి, లేదా డిగ్రీలు-నిమిషాల మీట వాడాలి. కాగితం మీద రెండు జవాబులూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. నేల మీద మేకు 60 సెంటీమీటర్లు తప్పుతుంది.

నా దగ్గరున్నది కాసియో ఎఫ్ఎక్స్-5800పి. సన్న బ్యాటరీ ఒక్కటి వేస్తే చాలు. కంప్యూటర్‌కి తగిలించే వీల్లేదు. ప్రోగ్రామ్‌ని మీట మీట నొక్కి ఎక్కించుకోవాలి, లేదంటే అలాంటిదే ఇంకో కాలిక్యులేటర్ నుంచి వైరుతో తెచ్చుకోవాలి. చాలామందికి ఇది విసుగు. నాకైతే అందులోనే లాభం కనిపిస్తుంది. ఒక్కో మీట నొక్కుతున్నప్పుడు ముందు ఏది అడగాలి, తర్వాత ఏది లెక్కకట్టాలి అని ఆలోచించక తప్పదు. నా కర్వ్ ప్రోగ్రామ్ మొదట రేడియస్, తర్వాత కోణం అడుగుతుంది. ఆ తర్వాత ఒక్కో కార్డ్ (మేకుకీ మేకుకీ మధ్య తిన్నని గీత) పొడవు ఇస్తూ పోతే లేబుల్-గోటూ అనే ఆదేశాల మధ్య మళ్లీ మళ్లీ తిరుగుతూ ఒక్కో మేకుకి ఎంత కోణం తిప్పాలో చెబుతుంది. 20 మీటర్ల కార్డ్‌కి 1718.87ని 20తో గుణించి 300తో భాగిస్తే 114.59 నిమిషాలు, అంటే 1 డిగ్రీ 54 నిమిషాల 35 సెకన్లు. ఈ 1718.87 ఎక్కడిదయ్యా అని అడిగితే ‘బుక్కులో ఉంది సార్’ అంటారు. ఒక రేడియన్‌లో ఎన్ని నిమిషాలున్నాయో అందులో సగం అది. ప్రోగ్రామ్ తనే రాసుకున్నవాడికి ఆ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది.

చివరి మేకు దగ్గర మొత్తం కోణం డ్రాయింగ్‌లో ఉన్నదానికి సరిగ్గా సగం, అంటే 20 డిగ్రీల 15 నిమిషాలు రావాలి. 40.30 కొట్టిన మా కుర్రాడికైతే 20 డిగ్రీల 9 నిమిషాలు చూపిస్తుంది. దొంగ అక్కడ దొరికిపోతాడు.

ఫోన్లో యాప్ ఉంది కదన్నా అంటారు. ఉంది. మే నెల మధ్యాహ్నం ఎండలో ఆ స్క్రీన్ మీద ఏమైనా కనిపిస్తే చెప్పమనండి. కాసేపటికి ఫోన్ వేడెక్కి అదే ఆగిపోతుంది. పైగా ఆ యాప్ లోపల ఏ లెక్క నడుస్తోందో మనకు తెలియదు.

ఇదేమీ కొత్త వింత కాదు. 1974లో వచ్చిన హెచ్‌పీ-65లో ప్రోగ్రామ్‌కి 100 స్టెప్పులే చోటు, రాసినదాన్ని చిన్న అయస్కాంతపు కార్డు మీద దాచుకునేవాళ్లు. మరుసటి ఏడాది అపోలో-సోయుజ్ యాత్రలో వ్యోమగాములు దాన్ని అంతరిక్షానికి తీసుకెళ్లారు. మన కర్వ్‌కి ఆ 100 స్టెప్పులు కూడా అక్కర్లేదు.

ల్యాబుకి డబ్బుల్లేవంటారా? ఒక టోటల్ స్టేషన్ ఖరీదులో బ్యాచ్ మొత్తానికి సరిపడా కాలిక్యులేటర్లు వస్తాయి. అవీ దొరక్కపోతే పిల్లల బ్యాగుల్లో కాసియో 991ఎంఎస్ మామూలు కాలిక్యులేటర్ ఎలాగూ ఉంటుంది. ఫార్ములాని అక్షరాలతో కొట్టి కాల్క్ మీట నొక్కితే ఒక్కో విలువా అదే అడుగుతుంది. ఆఫ్ చేస్తే ఆ ఫార్ములా పోతుంది, నిజమే, మొదలుపెట్టడానికి అది చాలు. ట్రావర్స్ (ఒకదాని వెంట ఒకటి గీతలు కొలుచుకుంటూ పోయే సర్వే) లెక్కకి దాంట్లోనే రెక్ ఫంక్షన్ ఉంది. దూరం, బేరింగ్ (ఉత్తరం నుంచి కోణం) ఇస్తే లాటిట్యూడ్ (ఉత్తర-దక్షిణ దూరం) ‘ఇ’ మెమరీలో, డిపార్చర్ (తూర్పు-పడమర దూరం) ‘ఎఫ్’లో వచ్చి కూర్చుంటాయి. మూడేళ్లు ఆ కాలిక్యులేటర్ మోసి కూడా కాస్, సైన్ విడివిడిగా కొట్టేవాళ్లే ఎక్కువ.

ప్రాక్టికల్ రికార్డులో ప్రతి విద్యార్థీ చేత్తో రాసిన ప్రోగ్రామ్ ఒకటి ఉండేలా చూడండి. కర్వ్‌దైనా, ట్రావర్స్‌దైనా సరే. వైవా రోజు ఎగ్జామినర్ రికార్డులో లేని అంకెలిచ్చి తన ముందే నడిపించమనాలి. కోణం మాత్రం డిగ్రీలు, నిమిషాల్లోనే ఇవ్వాలి.

– ఒక సైట్ సర్వేయర్, మిర్యాలగూడ