నాన్నగారికి, బాబు స్కూలు గురించి

దుబాయ్,
ఫిబ్రవరి

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు ఎలా ఉంది? రథసప్తమికి అరసవల్లి వెళ్తే ఆ తోపులాటలో క్యూలో నిలబడొద్దని గట్టిగా చెప్పాను, నిలబడే ఉంటుంది. నా ఆఫీసు పని మామూలే, కొత్తగా రాయడానికేం లేదు.

మొన్న ఫోన్‌లో బాబుని బ్రిటిష్ స్కూలుకి మారుద్దామన్న మాట రాగానే మీరు "సరేలేమ్మా" అని అమ్మకి ఇచ్చేశారు. ఆ రాత్రంతా నాకు అదే ఆలోచన. ఫోన్‌లో అయితే సగం మాటలు మింగేస్తాను, అందుకే రాస్తున్నాను.

బ్రిటిష్ స్కూలంటే గొప్పకి చేర్చడమేనని పెద్దమావయ్య అన్నారట. గొప్పకి కాదు నాన్నగారూ. ఇప్పుడున్న ఇండియన్ స్కూల్లో మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ వాడు క్లాసులో నోరు విప్పడు. ఇంట్లో ఇల్లు పీకి పందిరేసేవాడు బడి నుంచి వచ్చేసరికి వాడిపోయి ఉంటున్నాడు. మీరు చూస్తే మీరూ ఊరుకోరు.

ముందు ఒకటి. వాడు ఆ స్కూల్లో చేరేది ఇయర్ 3లో. అంటే మూడో తరగతి కాదు, మన రెండో తరగతే. వాళ్లు ఐదేళ్లు నిండగానే ఇయర్ 1 మొదలుపెడతారు కాబట్టి అంకె ఒకటి ఎక్కువ. బడి సెప్టెంబరులో తెరుస్తారు. అంటే వాడు ఏప్రిల్‌లో ఇక్కడే రెండో తరగతి మొదలుపెట్టి, వేసవి సెలవుల తర్వాత అటు మారతాడు. సంవత్సరం పోదు, రెండు తరగతులు దూకించడమూ కాదు.

దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్లని కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ తనిఖీ చేసి ఇచ్చిన రిపోర్టులు ఎవరైనా చూడొచ్చు. అవుట్‌స్టాండింగ్ నుంచి వెరీ వీక్ దాకా ఆరు మెట్లు. మేం చూసినదానికి గుడ్ వచ్చింది. ఇక్కడి వాళ్లు చాలామంది పైనున్న ఆ ఒక్క మాట చూసి ఊరుకుంటారు. అసలు సంగతి లోపలి పేజీల్లో ఉంటుంది. లెక్కలకి వేరు, ఇంగ్లిషుకి వేరు, సైన్సుకి వేరు, అందులోనూ చిన్న తరగతులకి, పెద్ద తరగతులకి వేర్వేరుగా ఇస్తారు. ప్రైమరీలో లెక్కలు, ఇంగ్లిషు వెరీ గుడ్ అని ఉంది. వాడు ఇప్పుడు చదవబోయేది అదే కదా. ఏడాదికి ఎంతమంది టీచర్లు మానేస్తున్నారో కూడా అందులోనే రాస్తారు. నాకు నచ్చనిది అదొక్కటే. ఇంగ్లండు నుంచి వచ్చే టీచర్లు కాంట్రాక్టు అవగానే వేరే దేశం వెళ్లిపోతుంటారు. ప్రిన్సిపాల్‌ని సూటిగా అడిగాను. ఆవిడ దాచలేదు. ఏడాది మధ్యలో మాత్రం ఎవరినీ వెళ్లనివ్వమని చెప్పారు.

ఇన్‌స్పెక్షన్ రోజు బడి ఎలా ముస్తాబవుతుందో మీకు నేను చెప్పాలా! అందుకే ఓపెన్ డేకి వెళ్లకుండా మామూలు పనిరోజు అడిగి వెళ్లాను. ముందు స్విమ్మింగ్ పూల్ చూపించారు. నాకు పిల్లల నోటుబుక్కులు చూపించండి అన్నాను. ఒక పిల్లాడు ఒంటె మీద నాలుగైదు లైన్లు రాశాడు. "ఎడారిలో దాని పాదాలు ఇసుకలో ఎందుకు దిగబడవు?" అని టీచరు పక్కన ఆకుపచ్చ పెన్నుతో ఒక ప్రశ్న రాసింది. దాని కిందే వాడు ఊదారంగు పెన్నుతో జవాబు రాశాడు, "పాదాలు వెడల్పు కాబట్టి" అని. వెనక్కి తిప్పి చూశాను. అన్ని పేజీల్లోనూ అలాగే ఉంది. మీరు రాత్రిళ్లు మన అరుగు మీద లైటు కింద కూర్చుని పిల్లల పుస్తకాలు దిద్దేవారు చూడండి, అంత ఓపిగ్గా ఉంది. అప్పుడే నా మనసు సగం అటు మొగ్గింది.

ఎక్కాల గురించి మీరు బెంగ పెట్టుకోవద్దు. వాళ్ల పద్ధతిలో ఇయర్ 4 అయ్యేసరికి పన్నెండో ఎక్కం దాకా రావాలి. మనవాడికి మీరు సెలవుల్లోనే చెప్పేశారు. అడ్మిషన్ టెస్టులో ఆరు నాలుగులు ఎంత అంటే టక్కున ఇరవై నాలుగు అన్నాడు. దాన్ని చుక్కలు పెట్టి చూపించు అంటే బిక్కమొహం వేసుకుని నా వైపు చూశాడు. ఆ టీచరు నవ్వి, గుండ్రటి బిళ్లలు కొన్ని వాడి ముందు పోసి, ఏం చెప్పకుండా కూర్చుంది. కాసేపటికి వాడే ఆరు వరసలు పేర్చాడు. నాకు కళ్లు చెమర్చాయి.

అన్నట్టు, మీరు పంపిన పలాస జీడిపప్పు ఇంట్లోనే తింటున్నాం. ఆ స్కూల్లోకి పల్లీలు, జీడిపప్పు ఏవీ తీసుకురాకూడదట, కొందరు పిల్లలకి పడదని. తాండ్ర పర్వాలేదు. ఎవరైనా వస్తుంటే భీమాలి తాండ్ర పంపండి.

రేపు ఇండియా వచ్చేస్తే ఏమిటని మీరడిగింది న్యాయమైన ప్రశ్నే. బ్రిటిష్ స్కూళ్లలో పెద్ద తరగతుల్లో రాసే పరీక్షల్లో ఐజీసీఎస్‌ఈని మన పదో తరగతికి, దాని తర్వాతి ఎ లెవెల్స్‌ని ఇంటర్‌కి సమానంగా మన యూనివర్సిటీల అసోసియేషన్ గుర్తిస్తుంది. కావాల్సిన సబ్జెక్టులు, గ్రేడ్లు ఉండాలి. ఎ లెవెల్స్‌లో మూడో నాలుగో సబ్జెక్టులే చదువుతారు కాబట్టి, ఇంజినీరింగ్ అనుకుంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ తీసుకుని తీరాలి. ఐజీసీఎస్‌ఈ రెండేళ్ల కోర్సు, ఇయర్ 10, 11 కలిపి. దాని మధ్యలో మారితే పిల్లలు నలిగిపోతారు. వచ్చేదైతే అంతకు ముందే రావాలి, లేదా అది పూర్తిచేసి రావాలి. మీ అల్లుడుగారూ నేనూ అదే అనుకున్నాం.

ఫీజు నిజంగానే ఎక్కువ, ఇప్పటిదానికి మూడు రెట్లు. సగం ఆయన కంపెనీ ఇస్తుంది. మూడు టర్ములుగా కట్టొచ్చు. కేహెచ్‌డీఏ ఒప్పుకోకుండా స్కూలు తనంతట తాను పెంచడానికి లేదు. బస్సు, యూనిఫాం మాత్రం విడిగా. ఇంటి లోన్‌కి నేను పంపేదాంట్లో ఒక్క రూపాయి తగ్గదు. అమ్మకి ఇది ముందు చెప్పండి.

తెలుగు. ఇది రాయడానికే ఇంతసేపు తిరిగాను. ఇక్కడ ఏ స్కూల్లో వేసినా అరబిక్ తప్పనిసరి. ఆ స్కూల్లో తెలుగు ఉండదు. ఇప్పుడున్నదాంట్లోనూ లేదు. వాడు మీతో ఇంగ్లిషులో మాట్లాడితే మీరు నాతో ఏమీ అనరు, నాకు తెలుసు. అదే నాకు భయం. ఇక్కడ సాయంత్రం ఆరంటే మీకు ఏడున్నర. మీ టిఫిన్ అయ్యాక రోజూ కాసేపు వీడియోలో వాడి చేత తెలుగు చదివించండి. గుణింతాలు నేను పూర్తిచేయిస్తాను, ఒత్తులు మీరు చూడండి. మీరు చెబితే వింటాడు, నేను చెబితే పారిపోతాడు.

నాగావళి అవతలి స్థలం సంగతి తొందరపడొద్దు, నేను వేసవిలో వచ్చాక మాట్లాడదాం. డాబా మీద ట్యాంకు మార్పించారా?

సీటుకి అడ్వాన్సు నెలాఖరులోగా కట్టాలి. మీరు సరే అంటేనే కడతాను. ఈసారి "సరేలేమ్మా" అనకుండా, మనసులో ఏముందో చెప్పండి. వాడి టీకాల కార్డు అమ్మ బీరువాలో, ఆసుపత్రి కాగితాల కవర్లో ఉంది. రెండు వైపులా ఫోటో తీసి పంపించండి, ఫారంతో పాటు అడుగుతున్నారు.

మీ అమ్మాయి