ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి

మీ పేరు నాకు తెలీదు. అడగాలన్న ధ్యాస ఆ రాత్రి నాకు లేదు, చెప్పేంత తీరిక మీకూ లేదు.

అపెండిక్స్ ఆపరేషన్ అయిన మొదటి రాత్రి. మంచాలన్నీ నిండి, ఇద్దరు స్ట్రెచర్ల మీదే ఉన్నారు. వార్డు మొత్తానికి మీరొక్కరే. సెలైన్ ఎక్కించే సన్న గొట్టం, అదే క్యాన్యులా, పెట్టిన చోట నా చెయ్యి వాచింది. పిలవడానికి మొహమాటపడ్డాను, అటువైపు ఎవరో మూలుగుతున్నారు మరి. మీరే దారిన పోతూ చూసి ఆగారు. "సెలైన్ నరంలోకి వెళ్లకుండా బయటికి కారుతోందండీ, అందుకే వాపు" అని అది తీసేసి, రెండో చేతికి పెట్టారు. నరం మొదటిసారి దొరకలేదు. "సారీ అండీ" అన్నారు. ఆ రోజు నన్ను పొడిచినవాళ్లలో ఆ మాట అన్నది మీరొక్కరే!

తెల్లవారుజామున లేపి నడిపించినప్పుడు మాత్రం మనసులో తిట్టుకున్నాను. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని, నడిస్తే పేగుల కదలిక కూడా తొందరగా మొదలవుతుందని మీరు చెప్పాకే అర్థమైంది. దగ్గు వస్తే దిండును పొట్టకి అదిమి పట్టుకోమన్నారు. ఎంత పనికొచ్చిందో! 10 అడుగులకే నాకు చెమటలు పట్టాయి. మీ భుజం పట్టుకుని నిలబడ్డప్పుడు గమనించాను, మీరూ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నారు. టేబుల్ మీద మీ మంచినీళ్ల సీసా మూత కూడా తీయకుండా అలాగే ఉంది.

డిశ్చార్జ్ రోజు మీ కోసం వెతికాను. డ్యూటీ మారిందన్నారు.

కుట్లు మానాయి సిస్టర్. చాలా థ్యాంక్స్.