భయమంతా కల్పాక్కం మీద, బురద మాత్రం తుమ్మలపల్లెలో

సంపాదకులు గారికి నమస్కారం.

2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్ అని కేంద్రం టార్గెట్ పెట్టుకుందని మీ పేపర్లో చదివినప్పట్నించి మా టీ కొట్టు దగ్గర ఒకటే గొడవ. చెన్నై దగ్గరుండే కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రం పేలితే తిరుపతి దాకా బూడిదే అని ఒకరు, ఇంక కరెంటు ఊరికే వస్తాదిలే అని ఇంకొకరు. ఇప్పుడు దేశంలో ఉండేదే 9 వేల మెగావాట్ల దరిదాపు, మనం వాడే కరెంటులో నూటికి మూడు యూనిట్లు, అది ఎప్పుడు లక్ష అయ్యేది ఎప్పుడు ఊరికే వచ్చేది, ఆ మాట పక్కన పెడదాం.

పేలడం సంగతి మాత్రం చెప్పాల. యురేనియంలో సులువుగా చీలేది యు-235 అనే రకం, అది వెయ్యి అణువుల్లో ఏడు మాత్రమే ఉంటాది. బాంబు చెయ్యాలంటే దాన్ని నూటికి తొంభై దాకా పెంచుతారు. కల్పాక్కంలో 1980ల్లో మొదలైన 220 మెగావాట్ల యూనిట్లు రెండూ పెంచకుండా, ఆ ఏడింటితోనే నడిచేలా కట్టినవి, అణువుని చీల్చే న్యూట్రాన్ కణాల వేగం తగ్గించను భారజలం (మామూలు నీళ్ళ కంటే బరువైన రకం నీళ్ళు) వాడతారు, ఆ సరుకు బాంబు లాగా పేలమన్నా పేలదు. అణువు చీలితే వేడి, వేడికి ఆవిరి, ఆవిరికి టర్బైన్ తిరగతాది, అక్కణ్ణించి మన ముద్దనూరు థర్మల్‌కీ దానికీ పెద్ద తేడా ఏం లేదు. కాకపోతే అలాంటి రియాక్టర్లో కిలో యురేనియం ఇచ్చే కరెంటుకి బొగ్గయితే ముప్పై టన్నులు పైనే కాల్చాల, పొగా బూడిదా వేరే.

అట్లని ప్రమాదమే లేదని నేను అనను. రియాక్టర్ ఆపేసినా లోపల ఇంధనం వేడి పుట్టిస్తానే ఉంటాది, కట్టెల పొయ్యి ఆర్పినాక నిప్పులు కణకణలాడతా ఉన్నట్టు, దాన్ని రోజుల తరబడి నీళ్ళతో చల్లబరచాల. 2011లో ఫుకుషిమాలో జరిగింది అదే, రియాక్టర్లు ఆగిపోయినాయి గానీ సునామీ వచ్చి డీజిల్ జనరేటర్లు మునిగి పంపులు ఆగిపోయినాయి. 2004 సునామీలో కల్పాక్కం పంప్ హౌస్‌లోకీ సముద్రం నీళ్ళొచ్చినాయి, నడస్తా ఉన్న యూనిట్‌ని ఆపేసినారు, రియాక్టర్‌కి ఏమీ కాలేదు, టౌన్‌షిప్‌లో మాత్రం పాపం జనం పోయినారు. ఇవన్నీ చూసినాక కూడా నేను అణు విద్యుత్ కావాలనే అంటాను, ఎందుకంటే రాత్రి ఎనిమిదికి ఊరంతా ఏసీలు వేసే టైముకి సోలార్ ఉండదు.

నా బాధ అది కాదు సార్. తిరుపతి నుంచి గీత గీస్తే కల్పాక్కం ఒక దిక్కున నూట యాభై కిలోమీటర్ల దరిదాపు, పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం గని ఇంకో దిక్కున దాదాపు అంతే దూరం. ఇటు పక్క గురించి అందరూ భయపడతారు, అటు పక్క గురించి ఒక్కరూ మాట్లాడరు. అక్కడి రాయిలో యురేనియం చాలా తక్కువ, టన్ను రాయి తవ్వి నూరి ఉడకబెడితే అర కిలో కూడా రాదు. ఆ వచ్చిన పొడి హైదరాబాద్‌లో అణు ఇంధనం తయారుచేసే ఎన్ఎఫ్‌సీకి పోయి ఇంధనం అవతాది. మరి మిగిలిన టన్ను? బురద చేసి టెయిలింగ్ పాండ్‌లో, అంటే ఆ వ్యర్థాల కోసం కట్టిన చెరువులో పోస్తారు. రాయిలో ఉండే రేడియో ధార్మికతలో ఎక్కువ భాగం, రేడియం లాంటివి, ఆ బురదలోనే ఉండిపోతాయి, వందల వేల సంవత్సరాలు. చుట్టుపక్కల పల్లెల రైతులు బోరు నీళ్ళు పాడైనాయి, అరటి తోటలు దెబ్బతిన్నాయి అని ఏళ్ళ తరబడి చెప్తా ఉండారు, గని నడిపే యురేనియం కార్పొరేషన్ వాళ్ళు ఇది మా వల్ల జరగలేదంటా ఉండారు. ఎవరిది నిజమో తేల్చను పెద్ద బ్రహ్మవిద్య ఏమీ అక్కర్లేదు, నీళ్ళు పట్టి టెస్ట్ చెయ్యడమే గదా.

అందుకే అడిగేది. ఆ పల్లెల బోర్లలో యురేనియం ఎంత, రాయి ఉడకబెట్టను వాడే సోడాలోని సోడియం ఎంత అని మూడు నెలలకొకసారి కంపెనీతో సంబంధం లేని వాళ్ళు చూడాల. మన ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ, కెమిస్ట్రీ వాళ్ళు ఉండారు, వాళ్ళకి ఇవ్వచ్చు. లెక్కలు తెలుగులో, తాగొచ్చా తాగకూడదా అని అర్థమయ్యేట్టు గ్రామ సచివాలయం గోడకి అంటించాల, వెబ్‌సైట్లో ఇంగ్లీషు పీడీఎఫ్ పడేస్తే చాలదు. నీళ్ళు బాగలేవని తేలిన ఊరికి ట్యాంకర్ కాదు, పైప్‌లైన్ వెయ్యాల. శ్రీకాకుళం కొవ్వాడలో ఆరు రియాక్టర్లు అని భూములు కూడా తీసుకున్నారు, అవి కట్టేలోపల తుమ్మలపల్లె లెక్క జనం ముందర పెట్టండి. మీ పేపర్ కూడా ఒక రిపోర్టర్‌ని కల్పాక్కానికి కాకుండా ఈసారి ఆ పల్లెలకి పంపితే బాగుంటాది.

ఇట్లు
ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి