గుంతలతో పాటు బెర్ములనూ చూడండి

సంపాదకులు గారికి,

తుపాను వెళ్లగానే శ్రీకాకుళం జిల్లాలో రోడ్ల గుంతల లెక్క మొదలవుతుంది. ఆ లెక్క రాసేవాళ్లు ఒకసారి పక్కకు తిరిగి బెర్ము, అంటే తారు అంచును ఆనుకుని ఉండే మట్టి పట్టీ, చూస్తే కారణం అక్కడే దొరుకుతుంది. తారు రోడ్డుకు నడిమి నుంచి అంచుకు రెండున్నర శాతం వాలు ఇస్తారు. అంటే ఏడు మీటర్ల రోడ్డులో అంచు దాదాపు 9 సెంటీమీటర్లు పల్లంగా ఉంటుంది. మట్టి బెర్ము అంతకంటే కాస్త ఎక్కువ వాలుతో బయటికి దిగాలి. మట్టి, గడ్డి పేరుకుని ఆ బెర్మే రోడ్డు కంటే ఎత్తయితే నీళ్లు పోయే దారి ఉండదు. అంచున నిలిచి, పగుళ్లలోంచి కింది కంకర పొరలోకి దిగుతాయి. నానిన పొర మీద లారీ నడిస్తే ముందు అంచు తెగుతుంది, తర్వాత మొసలి చర్మంలా పగుళ్లు, ఆపైన గుంత. జూన్‌లోపు బెర్ములు చెక్కించి కల్వర్టుల్లో పూడిక తీయించడం, కొత్త తారు పొరతో పోలిస్తే చాలా చవక పని.

ప్యాచ్ వర్కులో తొందరే చేటు. గుంత అంచులు నిలువుగా కోయాలి. నీళ్లు, దుమ్ము తీసి అడుగుకూ గోడలకూ ఎమల్షన్ (అతుక్కోవడానికి పూసే పలచటి తారు ద్రవం) పూయాలి. వీజీ-30 రకం తారుతో కలిపిన కంకర మిశ్రమం పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీల వేడి ఉండాలి, 90కి దిగేలోపే రోలింగ్ అయిపోవాలి. టార్పాలిన్ కప్పకుండా తెచ్చిన మిశ్రమం దారిలోనే చల్లారి, ఆ తర్వాత వానకు పెళ్లలుగా లేచిపోతుంది.

మెరుగైనవీ ఉన్నాయి. గ్రామ సడక్ యోజన రోడ్లకు ఐదేళ్ల నిర్వహణ కాంట్రాక్టులోనే ఉంటుంది. బరువు జారవిడిచి రోడ్డు ఎంత కుంగిందో సెన్సార్లతో కొలిచే యంత్రాలొచ్చాయి. తవ్వకుండానే ఏ పొర బలహీనమో అంచనా కట్టొచ్చు. అయినా నిధులు బాగా చెడిన రోడ్డుకే ముందు పోతాయి. సన్న పగుళ్లున్న రోడ్డు అదీ చెడేదాకా ఆగాల్సిందే.

ముందున్న బెడద బరువు. 2018లో నాలుగు టైర్ల యాక్సిల్‌పై (ఇరుసుపై) అనుమతించే బరువును 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచారు. బరువు పెరిగింది 13 శాతమే. రోడ్డు అరుగుదల మాత్రం సుమారుగా బరువు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ యాక్సిల్ చేసే నష్టం 60 శాతం దాటుతుంది. ఇది చట్టప్రకారం నడిచే లారీ లెక్క. ఓవర్‌లోడ్ సంగతి వేరే చెప్పాలా? టెక్కలి వైపు గ్రానైట్ బండలు, వంశధార ఇసుక మోసే రోడ్లను కొత్త యాక్సిల్ బరువుతో మళ్లీ లెక్కగట్టాలి. అప్పటిదాకా క్వారీ గేటు దగ్గరే వేబ్రిడ్జి చీటీ చూసి లారీని బయటికి వదలాలి.

- రోడ్డు పనులు తెలిసిన కొందరు ఇంజినీర్లు, శ్రీకాకుళం